గాలికి చెదిరే మంచును సరిగ్గా కొలిచేదెలా?

ఈ శీతాకాలం కురిసే మంచు మొత్తాన్ని పద్ధతిగా నమోదు చేయాలని నా పట్టుదల. తెల్లరంగు వేసిన చెక్కపలకను ఆరుబయట ఉంచి, 6 గంటలకోసారి స్కేలుతో కొలిచి తుడిచేస్తున్నాను. అంతకన్నా తరచుగా తుడిస్తే మంచు అణగడానికి వ్యవధి ఉండదు, మొత్తం ఎక్కువగా తేలుతుంది.

చిక్కంతా గాలితోనే! పలకకు ఒక అంచున 3 సెంటీమీటర్లుంటే రెండో అంచున 9. చుట్టూ పలుచోట్ల కొలిచి సగటు తీయడం మేలా, పలకనే గాలి తగలని చోటికి మార్చాలా? నేల మీదైతే పాత మంచు కూడా లెక్కలో కలిసిపోతుందని నా భయం.

ఇంకొకటి. మంచు కరిగితే వచ్చే నీటి లోతుకు మంచు లోతు 10 రెట్లు అనే లెక్క తీవ్రమైన చలిలో నిలవదు, పొడిమంచు 20 రెట్లు కూడా ఉండవచ్చు. ఈ వారం మైనస్ 15 డిగ్రీలని అంచనా. అంత చలిలో మీరు ఏ నిష్పత్తి వాడతారు? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.