సమస్య: “దీప మిచ్చిన చేతినే తిట్టె నతఁడు”

నిర్వాహకుడు: మొన్న పాత పోస్టాఫీసు వైపు వెళ్లినప్పుడు ఒక సంగతి చెవిన పడింది. ఒకప్పుడు, ఒకే పాత్రను ఒకరి తర్వాత ఒకరు పంచుకుని వేసే కాంట్రాక్టు నాటకాల్లో ఒకటో కృష్ణుడిగా వన్స్‌మోర్‌లు కొట్టించుకున్న పెద్దాయన ఇప్పుడు అక్కడ ఒంటిగదిలో ఉంటున్నారు. కరెంటు బిల్లు కట్టలేక ఫ్యూజు పీకించుకున్నారు. మర్నాడు సాయంత్రానికి దీపం వెలిగింది. కట్టినవారెవరా అని ఆరా తీస్తే, అవే నాటకాల్లో ఆయన తర్వాత రెండో కృష్ణుడు వేసినాయన! పెద్దాయన ఆ కాళ్లతోనే వాళ్లింటిదాకా నడిచి, గుమ్మంలో నిలబడి కడిగేసి వచ్చారట. అప్పట్నించీ ఈ పాదం నన్ను వదలడం లేదు. పూరించండి.

కంచరపాలెం మాస్టారు:
నాఁడు కృష్ణుఁడై రంగాన నవ్వినాఁడు
నేఁడు బిల్లు కట్టఁగ లేక నిశిని మునిఁగె
తోడి నటుఁడు చాటుగఁ గట్టెఁ, దోఁచినంత
దీప మిచ్చిన చేతినే తిట్టె నతఁడు

భీమిలి కవి: మాస్టారూ, జరిగింది జరిగినట్టు చెప్పారు. అర్ధసున్నల మధ్య ఆ ‘బిల్లు’ మాత్రం పంటికింద రాయిలా తగిలింది.

కంచరపాలెం మాస్టారు: ఆయన గది చీకటైంది బిల్లు వల్లే కదండీ. దానికి సంస్కృతం వేస్తే బాధ తగ్గిపోతుంది. నేను మార్చను.

భీమిలి కవి: సరే, నా ప్రయత్నం చూడండి.
అప్పు వెలుఁగని లోకమ్ము లాడఁగానె
చంద్రుఁ డభిమాన ధనుఁడౌట సైఁపలేక
కరము చాటుగాఁ జాఁచిన కమలహితుని
దీప మిచ్చిన చేతినే తిట్టె నతఁడు

గాజువాక పంతులమ్మ: ‘కరము’ దగ్గర ఆగిపోయానండీ. చెయ్యీ అదే, కిరణమూ అదే. పైగా అమావాస్యనాడు సూర్యుడి వెలుగు చంద్రుడికి అవతలివైపు పడుతుంది, మన కంటికి కనబడదు. ‘చాటుగా’ అన్నమాటకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అల్లిపురం అవధాని: చమత్కారం బాగుంది, కాదనను. ‘చంద్రుఁ’డికి ‘సైఁప’తో యతా?

భీమిలి కవి: చెల్లుతుందని తమకీ తెలుసు. పోయిన నెల తమరు కుచేలుడి చేత కృష్ణుణ్ణి నిలదీయించినప్పుడు అందరం ఊరుకున్నాం. సంపద చూసి తెల్లబోయాడు గాని, ఆ బాపడు ఏనాడు నిష్ఠూరమాడాడండీ?

అల్లిపురం అవధాని: యతి ఒప్పుకుంటున్నాను. కుచేలుడి మాటా ఒప్పుకుంటున్నాను. అప్పుడు నాకు తట్టలేదు గాని, కుచేలుడు వట్టి చేతులతో వెళ్లలేదు. గుప్పెడు అటుకులైనా పట్టుకెళ్లాడు. తనూ ఇచ్చాడు గనకే పుచ్చుకోగలిగాడు. ఈ పెద్దాయన దగ్గర ఆ గుప్పెడు లేదు. అదీ ఆయన కోపం. ఇదిగో నాది:
కాటి వేషాన నిలిచిన కాలమందు
చేయి చాఁపని నటునకుఁ జీఁకటింట
పేరు చెప్పకుండ పెట్టిన పెద్దమనసు
దీప మిచ్చిన చేతినే తిట్టె నతఁడు

భీమిలి కవి: మూడో పాదం ‘చెప్పకుం’ దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత తేటగీతిలో పనికిరాని జగణం! అవధానిగారి పద్యంలో!

గాజువాక పంతులమ్మ: ‘పేరు చెప్పక పెట్టిన’ అంటే సరిపోతుంది కదండీ. ఒక్క అక్షరానికి అంత సంబరం ఎందుకు? రెండో పాదం చూడండి. చేయి చాపనివాడు చేతిని తిట్టాడు. హరిశ్చంద్ర వేషం కట్టి కాటిలో నిలబడ్డా చాపని చేయి అది.

అల్లిపురం అవధాని: సవరించుకుంటానమ్మా. భీమిలివారి కన్ను పదునైనదే.

నిర్వాహకుడు: పంతులమ్మగారూ, మరి మీ పూరణ?

గాజువాక పంతులమ్మ: మా నాన్నగారు నాటకాలకి హార్మోనియం వాయించేవారు. అంచేత నాకు ఇంకోలా తోచింది.
వేష మిమ్మని వేచిన వృద్ధనటుఁడు
పాత్రఁ గోరెను; దానమ్ముఁ బట్టఁ డెపుడు;
రంగ మీయక గదిలోన రాత్రిఁ బాప
దీప మిచ్చిన చేతినే తిట్టె నతఁడు

అల్లిపురం అవధాని: ‘పాత్రఁ గోరెను’. ఒక్క మాటలో నాటకమూ ఉంది, బిచ్చపు గిన్నే ఉంది. ఆయన ఏది కోరారో, మనం ఏది చేతిలో పెట్టామో! నా పద్యం పక్కన పెట్టేయండి.

భీమిలి కవి: ఈసారికి మనిద్దరిదీ ఒకే మాట, అవధానిగారూ.

కంచరపాలెం మాస్టారు: పంతులమ్మగారి మూడో పాదం చదివాక కూర్చోలేకపోయాను. శివరాత్రి జాగారానికి మా వీధిలో రాయబారం వేస్తున్నాం. ఒకటో కృష్ణుడు ఇంకా కుదరలేదు. మిగతా నటులకిచ్చేదే ఆ పెద్దాయనకీ ఇస్తాం, పైసా ఎక్కువా కాదు, తక్కువా కాదు. రెండో కృష్ణుడిగా ఆయన్నే పిలుస్తాను, ఆ తిట్లు తిన్నాయన్ని.

నిర్వాహకుడు: పిలవడానికి నేనూ వస్తాను మాస్టారూ.

కంచరపాలెం మాస్టారు: హార్మోనియం నాదే. ఆ రోజుల్లో పై శ్రుతిలో పాడినాయన, ఈ వయసులో గొంతు ఎంతకి అందుతుందో ముందుగా కనుక్కుని చెప్పండి. కాస్త దించి పెట్టుకుంటాను.

గాజువాక పంతులమ్మ: అది మాత్రం అడక్కండి మాస్టారూ. ఆయన ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ వాయించండి.