హైదరాబాదు వదిలి కోనసీమకు వచ్చాను. ఇక్కడ మనవాళ్ళతో స్నేహం ఎలా కలుస్తుంది?

లంకవాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా వయసు 34. హైదరాబాదులో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి, నాన్నగారు కాలం చేశాక అమ్మకు తోడుగా ఉండాలని రెండేళ్ళ క్రితం అమలాపురం దగ్గరి మా ఊరికి వచ్చేశాను. పగలు ఇంటి నుంచే కంపెనీ పని, సాయంత్రం కొబ్బరి దింపుల లెక్కలు. నేను గే అన్న సంగతి, అంటే మగవాళ్ళనే ప్రేమించే మగవాడినన్న సంగతి, నాకు ఇంటర్ చదివే రోజుల నుంచే తెలుసు. అమ్మకు తెలియదో, లేక తెలిసి కూడా ఆ మాట నా నోటి వెంట రాకుండా జాగ్రత్త పడుతున్నదో చెప్పలేను.

మనవాళ్ళు తలెత్తుకుని వీధుల్లో నడిచే స్వాభిమాన యాత్ర హైదరాబాదులో 2013లో మొదలైంది, అందులో నేనూ నాలుగైదు సార్లు నడిచాను. అయితే ఇక్కడికి వచ్చాక ఆ యాత్ర కంటే ఎక్కువగా గుర్తొస్తున్నవి మా ఆదివారం మధ్యాహ్నాలు. ఒకరి ఉద్యోగం గొడవ, ఇంకొకరి తల్లిగారి మోకాలి ఆపరేషన్, వేరొకరి ప్రేమ గోల, అన్నీ ఒకే చాప మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. ఎవరూ ఎవరికీ తమను గురించి సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు. ఇక్కడ ఫోనులో యాప్ తెరిస్తే ముఖం లేని ఫొటోలు, ముప్పై నలభై కిలోమీటర్ల దూరాలు, పలకరింపు అయ్యాక రెండో మాటగా "ప్లేసుందా" అన్న ప్రశ్న. ఆ ప్రశ్న అడిగేవారిని నేను తప్పు పట్టను, ఎందుకంటే నలుగురు ఒకే గదిలో పడుకునే ఇళ్ళ నుంచి వచ్చేవారికి గడియ వేసుకోగల తలుపు దొరకడమే గొప్ప. కానీ నాకు కావలసింది స్నేహితులు.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళితే కోనసీమ అంతా అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. అంతమందిలో నాలాంటివారు ఎందరో ఉండి ఉంటారు, కానీ నన్ను పలకరించిన ప్రతివారూ "పప్పన్నం ఎప్పుడు పెడతావు" అని అడిగినవారే. పోయిన నెల అమ్మను ర్యాలి తీసుకువెళ్ళాను. ముందు వైపు కేశవస్వామి, వెనుక వైపు జగన్మోహిని, రెండూ ఒకే శిలలో ఉంటాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అర్చకస్వామి మమ్మల్ని వెనక్కి తీసుకువెళ్ళి దీపం వెలుగులో మోహిని రూపాన్ని చూపిస్తుంటే అమ్మ "ఎంత వింత" అని చేతులు జోడించింది. అప్పుడే చెప్పేద్దామని మాట పెదవి దాకా వచ్చి ఆగిపోయింది.

ప్రతి బస్సులోనూ ఎవరో ఒక బంధువు తగిలే ఈ గోదావరి జిల్లాల్లో మనవాళ్ళతో స్నేహం ఎలా మొదలుపెట్టాలి? లేక దానికోసం మళ్ళీ హైదరాబాదు బస్సెక్కడమే మార్గమా?

హార్మనీ మాస్టారు, పాలకొల్లు వైపు

తమ్ముడూ, నేను మీకంటే పాతికేళ్ళు పెద్దవాడిని కనుక ఇలా పిలుస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నేను పద్యనాటకాలకు హార్మనీ వాయించేవాడిని. స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలకే పేరు పొంది 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ పేరు చెప్పి మురిసిపోయే మా ఊరి పెద్దలే, మా బృందంలో సత్యభామ వేసే కుర్రవాడు రంగు కడుక్కుని మర్నాడు బస్టాండులో అదే నడక నడిస్తే ఈలలు వేసేవారు. మనవాడని నాకు తెలిసిన మొదటి మనిషి అతనే. మేము ప్రేమికులం కాము. రిహార్సల్ అయ్యాక కాలువ గట్టున కూర్చుని, చెప్పుకోగలిగినవీ చెప్పుకోలేనివీ అన్నీ చెప్పుకునేవాళ్ళం. మన సంబంధాలను నేరంగా చూసే 377 సెక్షను ఇష్టపడిన పెద్దవాళ్ళకు వర్తించదని 2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు పేపరు పట్టుకుని అతను సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినప్పుడు నేను అతని ఇంటికి వెళ్ళాను. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ఇది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చేనాటికి అతను లేడు. ఆనాటి పేపరు చేతిలో పట్టుకుని ఎవరి దగ్గరకు వెళ్ళాలో తోచక గట్టు దాకా నడిచి తిరిగి వచ్చాను.

మీరడిగిన దానికి నాకు తెలిసిన జవాబు ఒకటే. ఇక్కడ మనకోసమని బోర్డు పెట్టిన చోటు ఏదీ లేదు కనుక, ఏదో ఒక పని జరిగే చోటికి, అంటే నాటక పరిషత్తుకో, శాఖా గ్రంథాలయానికో, రక్తదాన శిబిరానికో వెళ్ళడం అలవాటు చేసుకుంటే, పదిమందితో పని చేయగా చేయగా అందులో ఒకరు మనవారని తెలియడానికి ఏడాది పట్టినా, అలా దొరికిన స్నేహం నిలబడుతుంది. తొందరపడి ఊరందరికీ చెప్పవద్దు. మర్యాద అనే గోడ వెనుక నేను సుఖంగానే బతికాను.

గట్టు మీది అక్క, రాజమహేంద్రవరం

మాస్టారుగారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మీ స్నేహితుడికి ఈలలు వేసినప్పుడు మీరు అతని పక్కన నిలబడ్డారా, గోడ వెనుక నిలబడ్డారా? నా నడకా, నా గొంతూ పదేళ్ళ వయసు నుంచే నన్ను బయటపెట్టాయి. నావంటి వాళ్ళకు ఆ గోడ వెనుక ఎవరూ చోటు ఇవ్వరు; మావైపు చూసి నవ్వకపోతే తమ సంగతి బయటపడుతుందేమోనని ముందుగా నవ్వేవారు మాత్రం ఆ వెనుక నుంచే వచ్చేవారు.

పదిహేడో ఏట ఇల్లు వదిలాను. హిజ్రాలం కలిసి బతికే కుటుంబం లాంటి జమాత్‌లో ఒక గురువు, ఆమె గురువు, నాతోటి చేలాలు అంటే శిష్యులు, ఇలా అమ్మ, అమ్మమ్మ, అక్కచెల్లెళ్ళ వరసలన్నీ కొత్తగా దొరికాయి. వాటితో పాటు కట్టుబాట్లూ, తప్పు చేస్తే జరిమానాలూ ఉన్నాయి, అది దాచను. అయినా నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆస్పత్రిలో మూడు రాత్రులు మంచం పక్కన కూర్చున్నది మా గురువే. మమ్మల్ని మేము చెప్పుకున్న లింగంగానే గుర్తించాలని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్టీఆర్ భరోసా పింఛను మాకు నెలకు 4000 రూపాయలు వస్తుంది. ఒకటో తారీఖున పింఛను ఇచ్చేవారు గుమ్మం ముందు నిలబడి నేను పెట్టుకున్న పేరుతో పిలుస్తారు, ఆ పిలుపు వీధంతా వింటుంది. డబ్బు సంగతి అలా ఉంచితే, నాకు ఆ పిలుపు ఇష్టం.

ఇక తమ్ముడికి పనికొచ్చే మాట. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద స్వచ్ఛంద సంస్థలు నడిపే ప్రాజెక్టుల్లో డ్రాప్ ఇన్ సెంటర్ అని ఒక గది ఉంటుంది. పరీక్షల కోసం, కండోముల కోసం పెట్టిన గదే అయినా, మధ్యాహ్నం పూట అక్కడ ఎక్కువగా నడిచేవి కబుర్లు. చీరలు కట్టిన మేమూ వస్తాం, ఇంట్లో చెప్పని మగపిల్లలూ వస్తారు. మీ హైదరాబాదు చాప లాంటిది ఇక్కడా ఒకటి ఉందన్నమాట, కాకపోతే దాని మీద మా పక్కన కూర్చోవడానికి మీకు అభ్యంతరం ఉండకూడదు. చిరునామా అందరి ముందూ రాయను, విడిగా అడగండి.

రాత్రి డ్యూటీ, కాకినాడ

కాలువ గట్టు, బస్టాండు, నాటకాలు: ఇంతవరకు చెప్పిన చోట్లన్నీ మగవాళ్ళు సాయంత్రం ఆరు దాటాక కూడా కూర్చోగలిగినవి. నేను నర్సును. నా సహచరి కూడా నర్సే. మా ఇంటి యజమానురాలి దృష్టిలో మేము బుద్ధిమంతులైన రూమ్మేట్లం. మగవాళ్ళు గుమ్మం తొక్కరు కాబట్టి అద్దె కూడా పెంచలేదు. ఆడవాళ్ళ జంటను ఎవరూ జంటగా ఊహించరు కాబట్టి ఈ చాటు సులువుగా దొరుకుతుంది, కానీ పెళ్ళీడు దాటుతున్నదని ఇంట్లోవాళ్ళకు తోచిన రోజున అంతే సులువుగా పోతుంది. నా సహచరిని ఒకసారి సంబంధం చూశామని ఇంటికి పిలిపించి, ఫోను లాక్కుని రెండు నెలలు ఇంట్లోనే ఉంచారు. తనంతట తానే బయటపడింది. ఇటువంటి కేసుల్లో కోర్టులు ఆ మనిషిని తల్లిదండ్రులు లేకుండా ఏకాంతంగా విచారించాలనీ, మనసు మార్చే కౌన్సెలింగ్‌కు పంపకూడదనీ సుప్రీంకోర్టు 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చిందని మాకు తరువాత తెలిసింది.

2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మనవాళ్ళకు పెళ్ళి హక్కు రాలేదు. అయితే మనవాళ్ళు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఆటంకం లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మేమిద్దరం వెళ్ళి ఖాతా తెరిచాము. సంబంధం అన్న గడిలో గుమాస్తాగారు కాసేపు ఆలోచించి "స్నేహితురాలు" అని రాశారు. పత్రికలు రాసే "స్వలింగ సంపర్కులు" కంటే అదే నయం. ఆ మాటలోని సంపర్కం మమ్మల్ని పడకగది దాటనివ్వదు. మా వంటగది గురించి, మా డ్యూటీల గొడవ గురించి ఎవరూ అడగరు.

లంకవాసిగారూ, ర్యాలి మోహినిని అమ్మగారి ముందు సాక్ష్యానికి పిలవకండి. నేను అర్ధనారీశ్వరుణ్ణి పిలిచి చూశాను. మా అమ్మ "దేవుడితో నీకు పోలికేమిటే" అని ఒక్క మాటతో కొట్టిపారేసింది. ముందు స్నేహితుల పేర్లు ఇంట్లో వినబడనివ్వండి. ఫలానా ఆయన ఫోను చేశాడని, ఆయనకు జ్వరమని, ఆయన వంట బాగా చేస్తాడని చెబుతూ ఉండండి.

తణుకు వకీలు

యాప్‌లో పరిచయమైనవారిని మొదటిసారి పట్టపగలు జనం ఉన్న హోటల్లోనే కలవండి. ఎవరి గదికీ వెళ్ళకండి. ఫొటోలు చూపించి డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, ఎందుకంటే ఒకసారి ఇచ్చినవారిని రెండోసారి తప్పక అడుగుతారు. సందేశాలు చెరపకుండా ఉంచుకుని సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. అది భారతీయ న్యాయ సంహిత 308 సెక్షను కింద బలవంతపు వసూలు నేరం. మీరు గే కావడం నేరం కాదు. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది.

హార్మనీ మాస్టారు, పాలకొల్లు వైపు

అక్కగారూ, గోడ వెనుకే నిలబడ్డాను. ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు కనుక ఎవరికీ చెప్పలేదు. మీ చాప మీద నాబోటి ముసలివాడు కూర్చోవచ్చునా?

గట్టు మీది అక్క, రాజమహేంద్రవరం

రండి మాస్టారూ. హార్మనీ కూడా తీసుకురండి, మావాళ్ళకు పద్యాలంటే పిచ్చి.

లంకవాసి

అందరికీ కృతజ్ఞతలు. అక్కగారికి విడిగా రాశాను. వచ్చే ఆదివారం మాస్టారుగారిని రావులపాలెంలో బస్సు దగ్గర కలుసుకుని ఇద్దరం కలిసి వెళదామని అనుకున్నాము. రాజమండ్రిలో స్నేహితుల దగ్గరకు వెళుతున్నానని రాత్రి అమ్మతో చెప్పాను. ఎవరు, ఏమిటి అని అడగలేదు. ఎంతమంది ఉంటారని అడిగి, ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించమని డబ్బులు తీసి ఇచ్చింది.