అప్‌డేట్: డిస్‌ప్లే గేమ్ బోర్డు మీద రెజిన్ నది గట్టిపడలేదు – కారణం దొరికింది

వార్‌గేమింగ్ (చిన్న బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆట) షోలో పెట్టే, 28 ఎంఎం బొమ్మల డిస్‌ప్లే బోర్డు మీద ఎపాక్సీ రెజిన్ (హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే ద్రవం) పోసి చేసిన నది నాలుగు రోజులైనా వేలికి అంటుకుంటోందని అడిగాను కదా, తీరిపోయింది. కొలత చూడమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్, తప్పు అక్కడే. డబ్బా మీది 2:1 (రెండు వంతుల రెజిన్‌కు ఒక వంతు హార్డెనర్) ఘనపరిమాణం లెక్క, బరువు లెక్క కాదు. నేను తూకం వేశాను. హార్డెనర్ రెజిన్ కంటే తేలిక కాబట్టి ఎక్కువ పడింది. గది చలికీ, అడుగు పెయింట్‌కీ సంబంధం లేదు. హెయిర్ డ్రయ్యర్ వేడీ దండగే.

మెత్తటి పొర గీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గీతల కప్పుతో కొలిచాను. కప్పు అంచులూ అడుగూ గీకుతూ ఐదు నిమిషాలు కలిపి 3 ఎంఎం మందాన పోశాను. మర్నాటికి గాజులా బిగిసింది. ఒడ్డున రెల్లు మొదళ్లకు రెజిన్ పాకి మెరిసింది. అక్కడ మెరుపు తగ్గించే మ్యాట్ వార్నిష్ రాస్తే చాలు.