యాంప్లిఫయర్ వెనుక తీగల చిక్కు, స్పీకర్లలో హోరు

ప్రశ్న: నా యాంప్లిఫయర్‌కు టర్న్‌టేబుల్, సీడీ ప్లేయర్, టీవీ, సబ్‌వూఫర్ కలిపి ఉన్నాయి. ఏది వింటున్నా స్పీకర్లలో సన్నగా గుయ్‌మని హోరు వస్తోంది. వెనుక ఏ తీగ ఎక్కడికి పోతుందో పోల్చుకోవడం కష్టంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: ముందుగా తీగలన్నిటినీ ఫోటో తీసి, యాంప్లిఫయర్ ఆపి, స్పీకర్లవి తప్ప మిగతా తీగలన్నీ తీసేయండి. ఆన్ చేసినప్పుడు హోరు లేకపోతే, ప్రతిసారీ ఆపుతూ ఒక్కొక్క పరికరాన్నే తిరిగి కలపండి. టీవీకి వచ్చే కేబుల్ లైనును మాత్రం ప్రత్యేకంగా పరీక్షించండి. దానికి వేరే చోట ఎర్త్ ఉంటుంది కనుక గ్రౌండ్ లూప్ (రెండు చోట్ల ఎర్త్ అయిన పరికరాల మధ్య తీగల్లో కొద్దిపాటి కరెంటు తిరుగుతూ హోరు పుట్టించే వలయం) ఏర్పడే అవకాశం ఎక్కువ. అదే కారణమైతే ఆ లైనుకు ఐసోలేటర్ (సిగ్నల్‌ను పోనిస్తూ ఎర్త్ కలయికను తెంచే చిన్న పరికరం) పెట్టాలి. హోరు పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్నును ఎన్నడూ తీసేయకండి, అది ప్రాణాపాయం.

జవాబు 2: టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని గ్రౌండ్ తీగ యాంప్లిఫయర్ వెనుక స్క్రూకు గట్టిగా బిగిసి ఉందో లేదో కూడా చూడండి.

జవాబు 3: తిరిగి కలిపేటప్పుడే ప్రతి తీగకూ రెండు కొసల్లోనూ పేరు రాసిన చీటీ అంటించండి. కరెంటు తీగలను ఒక పక్కన, సిగ్నల్ తీగలను మరో పక్కన నడపండి. దాటక తప్పని చోట లంబంగా దాటించండి. మిగిలిన పొడవును బిగుతుగా చుట్టకుండా, వదులుగా వెల్క్రో పట్టీతో కట్టడం మంచిది.