ఊరిని కార్పొరేషన్‌లో కలపడం మంచిదా, పంచాయతీగానే ఉంచాలా?

విశాఖ పక్క ఊరు:
మా ఊరిని కార్పొరేషన్‌లో కలుపుతారని మళ్ళీ మాటలు మొదలయ్యాయండి. నాకైతే అస్సలు ఇష్టం లేదు. ఇప్పుడు వీధి లైటు పోతే మా నాన్న సర్పంచ్ గారి అరుగు దగ్గరకెళ్ళి చెప్తారు, సాయంత్రానికి కుర్రాడు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేస్తాడు. రేపు కలిశాక జోనల్ ఆఫీసుకెళ్ళు, యాప్‌లో కంప్లైంట్ పెట్టు అంటారు, ఆయనకి అవన్నీ రావు. పైగా టౌన్‌లో ఉపాధి పని ఉండదు, ఎండాకాలం చెరువు పనికెళ్ళే మా వీధి ఆడవాళ్ళ సంగతేంటి?

గాజువాక పాతకాపు:
తమ్ముడూ, నీ బాధ నిజమే గానీ మురుగు సంగతి కూడా చూడు. 2005లో మా గాజువాక మున్సిపాలిటీనీ, ఇంకో 32 ఊళ్ళనీ కలిపే గ్రేటర్ విశాఖ చేశారు. ఊరి చివర పది అపార్ట్‌మెంట్లు లేచాయనుకో, ఆ నీళ్ళన్నీ ఎటు పోవాలి, పంచాయతీ డబ్బుల్తో సిమెంటు కాలువ వేస్తారు, అది పొలిమేర దగ్గర ఆగిపోతుంది, నీళ్ళు ఆగవు కదా. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ పంచాయతీ తరం కాదు.

విశాఖ పక్క ఊరు:
డ్రైనేజీ మాట ఒప్పుకుంటానన్నా. కానీ అడగడానికి మనిషి ఉండాలి కదా? గ్రేటర్ విశాఖకి 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో అయిపోతే మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో పెట్టారు. తొమ్మిదేళ్ళు కార్పొరేటరే లేడు, అంతా ఆఫీసర్ల పాలనే. ఐదేళ్ళ గడువు తీరకముందే ఎన్నిక జరగాలని రాజ్యాంగంలోనే రాసుంది. పట్టణాల పాలన గురించిన 74వ సవరణ తెచ్చిందే దానికోసం!

నల్గొండ దిక్కు:
పంచాయతీ అయితే మాత్రం ఎన్నికలు టైముకు అయితయా అన్నా? మా దగ్గర సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లనే అయిపోయింది, ఎన్నికలు పెట్టింది 2025 డిసెంబర్ల. నడుమల అంతా స్పెషల్ ఆఫీసర్లే. బోరు మోటరు కాలిపోతే సెక్రటరీ సారు సొంత పైసలు పెట్టి బాగుచేయించిండు, పాపం. అందుకే పంచాయతీనా కార్పొరేషనా అన్నది కాదు లొల్లి, ఎన్నికలు ఎప్పుడు పెట్టాల్నో ప్రభుత్వం చేతులున్నదే అసలు లొల్లి.

గాజువాక పాతకాపు:
ఇది కరెక్ట్. ఎన్నికలయ్యాక కూడా చూడండి, మేయర్‌ని కార్పొరేటర్లు ఎన్నుకుంటారు, కమిషనర్‌ని మాత్రం ప్రభుత్వం పంపుతుంది, పని చేయించే అధికారం ఆయన దగ్గరే. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకి 18 పనులు రాశారు గానీ వాటిలో ఏది ఎంత అప్పగించాలో రాష్ట్రం ఇష్టం. కార్పొరేటర్ దగ్గరకెళ్తే ఆయన కూడా మనలాగే కాగితం పట్టుకుని ఆఫీసు బయట నిలబడతాడు.

విశాఖ పక్క ఊరు:
మూడు లక్షలు, ఆపైన జనం ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలని కూడా రాజ్యాంగంలో ఉందన్నా. మీ వీధిలో ఎప్పుడైనా కమిటీ కూర్చోవడం చూశావా? మాకు గ్రామసభలో మా అమ్మ లేచి నీళ్ళ గురించి అడుగుతుంది, సర్పంచ్ గారు అందరి ముందూ జవాబు చెప్పాల్సిందే. వచ్చే సభలో నేనూ అడుగుతాను, కలిపితే కలపండి గానీ ఈ సభ మా వార్డులో ఎక్కడ పెడతారో ముందే రాసివ్వండి అని.