మూడు షిఫ్టుల రోస్టర్, స్కిల్ మ్యాట్రిక్స్: ఎక్సెల్ నుంచి సాఫ్ట్‌వేర్‌కి మారేముందు ఏం చేయాలి?

షిఫ్ట్_సి:
ఆటో విడిభాగాల ప్లాంట్. 140 మంది ఆపరేటర్లు, సగం మంది కాంట్రాక్ట్. వారమంతా మూడు షిఫ్టులూ నడుస్తాయి. ఎవరు ఏ షిఫ్ట్‌కి రావాలో చెప్పే రోస్టర్ ఎక్సెల్‌లో ఉంటుంది, ఎవరికి ఏ పని ఎంతవరకు వచ్చో చూపే స్కిల్ మ్యాట్రిక్స్ లైన్ పక్కన బోర్డు మీద. రెండింటికీ పొంతన ఉండదు. రాత్రి పదింటికి సి షిఫ్ట్ మొదలయ్యాక చూస్తే రోబో వెల్డింగ్ సెల్‌కి (రోబో వెల్డింగ్ చేసే స్టేషన్) తగిన మనిషి ఉండడు, బి షిఫ్ట్ ఆపరేటర్‌నే ఓవర్‌టైమ్ (ఓటీ)కి ఆపాల్సి వస్తుంది. సెల్స్ రెండు, ఒక్కో షిఫ్ట్‌కి సెల్‌కొకరు చాలు. ఒంటరిగా నడపగలవాళ్లు ఆరుగురున్నారు. సాఫ్ట్‌వేర్ కొందామంటున్నారు. ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

లైన్_లెక్కలు:
ముందు కాగితం మీద లెక్క వేయండి. ఒక సెల్‌కి వారానికి 21 షిఫ్టులు. వీక్లీ ఆఫ్ పోను ఒక్కొక్కరు 6 చేస్తారు, అంటే 3.5 మంది. పది శాతం గైర్హాజరు వేసుకుంటే 3.9. రెండు సెల్స్‌కి 8 మంది కావాలి, మీ దగ్గర ఉన్నది ఆరుగురు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా ఆ ఇద్దరిని పుట్టించలేదు. రాత్రి పదింటికి బయటపడే లోటును పది రోజుల ముందే చూపిస్తుంది, అంతే. ఇద్దరికి ట్రైనింగ్ ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇక మ్యాట్రిక్స్. "వెల్డింగ్ వచ్చు" అని రాస్తే పనికిరాదు, స్టేషన్ వారీగా రాయాలి. లెవెల్ 1 నేర్చుకుంటున్నారు, 2 పక్కన ఒకరుంటే చేస్తారు, 3 సైకిల్ టైమ్‌లో (ఒక్కో భాగానికి ఇచ్చిన సమయంలో) ఒంటరిగా చేస్తారు, 4 నేర్పగలరు. ప్రతి లెవెల్ పక్కనా ఎవరు పరీక్షించారు, ఏ తేదీన, గడువు ఎప్పటికి, రుజువు ఎక్కడుంది అన్నవి ఉండాలి. గడువు గడి ఖాళీగా వదిలేస్తే రెండేళ్లుగా ఆ మెషిన్ ముట్టని మనిషి కూడా లెవెల్ 3గానే కనిపిస్తాడు. అర్హత పరీక్షల ప్రమాణాలు కూడా వేరు: చేత్తో వెల్డింగ్ చేసేవాళ్లకి ఐఎస్ఓ 9606-1, రోబో సెల్ వాళ్లకి ఐఎస్ఓ 14732. ఈ రెండింటినీ ఒకే కాలమ్‌లో కలపొద్దు.

బోర్డు మీదున్న లెవెల్స్‌ని మాత్రం అలాగే ఎక్కించకండి. పండగ సెలవుల సర్దుబాటులో 2ని 3 చేసేసిన లైన్ లీడర్లు ప్రతి ప్లాంట్‌లోనూ ఉంటారు!

పంచ్_డేటా:
సాఫ్ట్‌వేర్ డెమోలో సి షిఫ్ట్ చూపించమనండి. హాజరు మెషిన్‌లో పంచ్ సోమవారం 22:00కి ఇన్, మంగళవారం 06:00కి ఔట్. తేదీని బట్టి జత కడితే సోమవారానికి ఔట్ లేదు, మంగళవారానికి ఇన్ లేదు, రెండు రోజులకీ జీతంలో కోత పడుతుంది. పంచ్‌ని షిఫ్ట్ మొదలైన తేదీకే కట్టాలి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్ కూడా అర్ధరాత్రి దాటాక చేసిన గంటల్ని ముందు రోజులోనే కలపమంది.

కాంట్రాక్టర్ మారితే కార్మికుడి టోకెన్ నంబర్ (గుర్తింపు సంఖ్య) మారుతుంది, దాంతో మనిషి స్కిల్ చరిత్ర కూడా పోతుంది. ప్లాంట్ తరఫున మారని నంబర్ ఒకటి ఇవ్వండి. కూలెంట్, గ్రీజు చేతులకి వేలిముద్ర సరిగా పడదు, కార్డు నయం.

ఖాళీ_గడి:
ఆటో-రోస్టర్ (రోస్టర్‌ని సాఫ్ట్‌వేరే వేయడం) పెడితే తప్పనిసరి నియమాలు తక్కువగా ఉంచండి: లెవెల్ 3, వీక్లీ ఆఫ్, ఓటీ పరిమితి, సి నుంచి దిగినవారికి అదే రోజు ఏ, బి వేయకపోవడం. బస్సు రూటు, వ్యక్తిగత ఇష్టాల్లాంటివి పెనాల్టీ మార్కులతో సరిపెట్టాలి, అంటే తప్పినప్పుడు మార్కులు పడతాయి, తక్కువ మార్కులున్న రోస్టర్‌ని సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటుంది. స్టేషన్ నిండటాన్ని కూడా తప్పనిసరి చేశారో, ఒక్కరు తగ్గిన రోజు "సాధ్యం కాదు" అని మొత్తం రోస్టరే రాదు. ప్రతి స్టేషన్‌కీ "ఖాళీ" అనే ఉత్తుత్తి మనిషిని పెట్టి భారీ పెనాల్టీ వేయండి. అప్పుడు రోస్టర్ వస్తుంది, లోటు ఎక్కడుందో ఎర్రగా కనబడుతుంది. పని గంటల పరిమితులు సెట్టింగ్స్‌లో ఉండాలి, చట్టం మారినప్పుడల్లా ప్రోగ్రామర్‌ని పిలవక్కర్లేదు.

ఒక్క లైన్‌లో నాలుగు వారాలు ఎక్సెల్‌తో పాటు నడపండి. సూపర్‌వైజర్ చేత్తో మార్చిన ప్రతిసారీ కారణం రాయించండి. మీరు మర్చిపోయిన నియమాలన్నీ అందులో దొరుకుతాయి. ఐదో వారం ఎక్సెల్ ఫైల్ లాక్ చేయండి, లేదంటే అసలు రోస్టర్ అదే అయి కూర్చుంటుంది.

షిఫ్ట్_సి:
షిఫ్ట్ మార్పిడి వాళ్లలో వాళ్లు ఫోన్‌లో చేసుకోనివ్వచ్చా?

ఖాళీ_గడి:
చేసుకోనివ్వండి. ఇద్దరికీ రెండో వారి స్టేషన్‌లో గడువు తీరని లెవెల్ 3 ఉంటేనే ఆ బటన్ కనపడాలి.