"ఒక్కసారే"నా, "ఒక్కసారైనా"నా?

(మాట్లాడేవారిని విశాఖపట్నంలోని వారి పేటల పేర్లతోనే పిలిచాం.)

సీతమ్మధార: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మాకు క్షేత్ర సిద్ధాంతం చెప్పిన మాస్టారు, గేజి స్థిరీకరణ (ఒకే భౌతిక స్థితిని వర్ణించే అనేక క్షేత్రాల్లోంచి ఒకదాన్ని ఎంచుకోవడం) పాఠానికి ముందు నల్లబల్లమీద రాసిన వాక్యం నన్ను కొన్నాళ్లుగా వేధిస్తోంది: "గేజి నియమం ప్రతి కక్ష్యనూ ఒక్కసారే ఖండించాలి." కక్ష్య అంటే గేజి మార్పులతో ఒకదాన్నుంచి మరొకటి వచ్చే క్షేత్రాల గుంపు; ఎంపికకు పెట్టిన నియమాన్ని పాటించే క్షేత్రాల తలం దాన్ని కోస్తూ దాటడమే ఖండించడం. అది "ఒక్కసారే"నా, "ఒక్కసారైనా"నా? ఆ పాఠం విన్నవారెవరైనా చెప్పగలరు.

ఎం.వి.పి. కాలనీ: "ఒక్కసారే"నండి, సందేహం అక్కరలేదు. 1967లో భౌతికశాస్త్రవేత్తలు ఫదీవ్, పోపోవ్ చేసిన పనంతా ఆ ఏకారం మీదే నిలబడింది. ఒక కక్ష్యలోని క్షేత్రాలన్నీ ఒకే భౌతిక స్థితి కాబట్టి, సాధ్యమైన క్షేత్రాలన్నిటినీ కలిపే పాత్ ఇంటిగ్రల్‌లో వాటిని విడివిడిగా కలుపుకుంటూ పోతే గేజి సమూహపు అనంత ఘనపరిమాణం వచ్చిపడుతుంది. కక్ష్యకొక ప్రతినిధిని మాత్రమే తీసుకుంటేనే దాన్ని బయటికి తీసి పక్కన పెట్టగలం.

లాసన్స్ బే: ఏకారం అంత గట్టిదైతే భౌతికశాస్త్రవేత్త గ్రిబోవ్‌కు పనేముండేది? ఎబీలియన్ కాని (గేజి మార్పుల వరుస మారిస్తే ఫలితం మారే) సిద్ధాంతాల్లో, కూలుంబ్ గేజి అనే నియమంలో కూడా, ఒకే నియమానికి లోబడిన సమాన క్షేత్రాలు ఒకటికి మించి ఉంటాయని 1978 నాటి పత్రంలో ఆయన చూపాడు. అంతరాళాన్ని గోళంగా మూస్తే అవిచ్ఛిన్నంగా అంతటా చెల్లే గేజి ఎంపికే లేదని అదే ఏడాది గణితవేత్త సింగర్ నిరూపించాడు. గ్రిబోవ్ గొప్పతనం ఏమిటంటే, లోపం చూపి ఊరుకోలేదు: గేజి మార్పుతో నియమం ఎలా మారుతుందో చెప్పే ఫదీవ్–పోపోవ్ ఆపరేటర్ ధనాత్మకంగా ఉండే ప్రాంతానికే సమాకలనాన్ని పరిమితం చేసి, తక్కువ ద్రవ్యవేగాల దగ్గర గ్లూవాన్ (క్వార్కులను బంధించే కణం) ప్రసరణను చెప్పే ప్రోపగేటర్ అణిగిపోతుందని తేల్చాడు. అలా చదివించే పత్రాలు అరుదు. ఆ ప్రాంతం గుండా ప్రతి కక్ష్యా ఒక్కసారైనా వెళ్తుందని 1991లో డెల్ ఆంటోనియో, జ్వాంజిగర్ నిరూపించారు. మాస్టారు రాసింది "ఐనా"నే.

ఎం.వి.పి. కాలనీ: పాఠం ఏ సంవత్సరంలో విన్నారో ప్రశ్న వేసినవారు చెప్పనేలేదు, 1991 ఫలితాన్ని నల్లబల్ల మీదికి ఎలా తెచ్చారు? పైగా ఆ ప్రాంతం లోపల కూడా నకళ్లు, అంటే ఒకే కక్ష్యకు చెందిన అదనపు క్షేత్రాలు, మిగిలే ఉన్నాయి గనుక, "ఒక్కసారే" అన్నది తీరని ఆదర్శమే అయినా పాఠంలో రాయదగిన మాటే. శూన్య క్షేత్రం చుట్టూ చిన్న సవరణలు కలుపుకుంటూ చేసే పర్టర్బేషన్ లెక్కలకు అది చాలు కూడాను.

గాజువాక: ఇద్దరూ ప్రత్యయం దగ్గరే పోట్లాడుకుంటున్నారు, క్రియను చూడలేదు. నా జ్ఞాపకంలో అది "ఖండించాలి, తాకరాదు" అని ఉంది. గేజి తలం కక్ష్యను స్పర్శించిన చోట ఫదీవ్–పోపోవ్ నిర్ధారకం (ఆ ఆపరేటర్ డిటర్మినెంట్) సున్నా అవుతుంది. గ్రిబోవ్ హద్దు, అంటే ఆ ధనాత్మక ప్రాంతపు అంచు, అదే కదా! క్రియ తెలిస్తే ప్రత్యయం దానంతట అదే తేలుతుంది.

లాసన్స్ బే: తేలదండి. తాకకుండా మూడుసార్లు ఖండించే కక్ష్యను గీసి చూడండి, మూడుచోట్లా నిర్ధారకం సున్నా కాదు.

సీతమ్మధార: మరొకటి గుర్తొచ్చింది. ఆ వాక్యం కిందనే లోరెంట్జ్ గేజి ఉదాహరణ ఉంది, అందులో నిర్ధారకం కోసం చేర్చే కల్పిత క్షేత్రాలైన ఘోస్ట్‌ల ప్రస్తావన లేదు.

ఎం.వి.పి. కాలనీ: అయితే అది విద్యుదయస్కాంతానికి సంబంధించినది. అక్కడ నిర్ధారకం క్షేత్రంపై ఆధారపడదు, ఘోస్ట్‌లు మిగతా క్షేత్రాలనుంచి విడిపోతాయి. నా "ఒక్కసారే"కు బలం చేకూరింది.

గాజువాక: చేకూరలేదు. నియమం పెట్టాక కూడా తరంగ సమీకరణాన్ని తీర్చే గేజి ప్రమేయాల స్వేచ్ఛ అక్కడ మిగిలే ఉంటుంది. ఇక ఆ పేరులో టకారం ఎందుకు? 1867లో ఆ నియమాన్ని వాడింది డెన్మార్క్‌కు చెందిన లుద్విగ్ లోరెంజ్, డచ్చివాడైన హెండ్రిక్ లోరెంట్జ్ కాదు.

సీతమ్మధార: నల్లబల్ల మీద టకారం ఉందండి, అది మాత్రం నాకు బాగా గుర్తు.